అప్‌డేట్: బాబు కడుపునొప్పి, ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కి వెళ్లాలా అని అడిగాను కదా

ఇంటర్ చదివే మా బాబుకి రోజూ పొద్దున్నే కడుపునొప్పి, కాలేజీకి వెళ్లనంటున్నాడు, నాన్నతో మాట్లాడటం లేదు అని మూడు నెలల క్రితం రాశాను. సలహా చెప్పినవాళ్లందరికీ థాంక్స్.

ముందు డాక్టరుకి చూపించమన్న మాట మంచిదయ్యింది. రక్త పరీక్ష, స్కానింగ్ అన్నీ నార్మల్. ఆ డాక్టరుగారే కాకినాడలో ఫ్యామిలీ థెరపిస్టు దగ్గరికి పంపారు. మా ఆయన "మనకేం పిచ్చా?" అన్నారు. వాడి కోసమే అంటే వచ్చారు.

రెండో సిట్టింగులో ఆవిడ ఒకటే అడిగారు: "మీరిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకుని ఎన్నాళ్లయింది?" ఇద్దరం తలొంచుకున్నాం. రొయ్యల చెరువులో నష్టం వచ్చిన దగ్గర్నుంచి "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మనడుగు" అంటూ అన్నీ వాడి చేతే చెప్పిస్తున్నాం. అప్పులవాళ్లు వచ్చిపోయిన సంగతి కూడా! ఆ టెన్షనంతా వాడి పొట్టలో చేరింది. తర్వాత నాలుగుసార్లు మా ఇద్దరినే రమ్మన్నారు, వాడు అక్కర్లేదన్నారు.

ఫోన్ లాక్కోవడం, కాలేజీ మార్చడం, దిష్టి తీయడం (మా అత్తయ్యగారు మూడుసార్లు తీశారు) దేనికీ పనికిరాలేదు.

కౌన్సెలింగ్‌కి ఎప్పుడు వెళ్లాలి అన్నదానికి థెరపిస్టుగారి జవాబు: అదే గొడవ వారాల తరబడి తెగకపోయినా, పిల్లల తిండి, నిద్ర, చదువు దెబ్బతింటున్నా వెళ్లాలి. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఒక్కరోజు ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అప్పు అలాగే ఉంది. బాబు కాలేజీకి వెళ్తున్నాడు. మొన్న పులుసులో ఉప్పు తక్కువైందని మా ఆయన నాతోనే అన్నారు.