70 వేలకు ఏ కెమెరా మేలు: పాత కెనాన్ 5డీ మార్క్ 3 నా, కొత్త కెనాన్ ఆర్50 నా?

కొత్త షట్టర్, రాజమండ్రి

అన్నలందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఒక స్టూడియోలో అసిస్టెంట్‌గా చేస్తున్నాను. లైటు పట్టుకోవడంతో మొదలై పెళ్లిళ్లలో సెకండ్ కెమెరా దాకా వచ్చాను. వాడేది మా ఓనర్ గారి కెమెరానే. ఇక సొంతంగా బారసాలలు, ఓణీల ఫంక్షన్లు ఒప్పుకుందామని ఉంది. మొన్న చీటీ పాడితే 70 వేలు చేతికొచ్చాయి.

తెలిసినాయన ఒకరు తన కెనాన్ 5డీ మార్క్ 3, 24-105 ఎఫ్/4 ఎల్ లెన్స్ కలిపి 65 వేలకు ఇస్తానంటున్నారు. ఇంచుమించు అదే డబ్బుకు షాపులో కొత్త ఆర్50, 18-45 కిట్ లెన్స్‌తో ఇస్తామన్నారు. ఒకటి 2012లో వచ్చిన ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) ప్రొఫెషనల్ బాడీ. రెండోది 2023లో వచ్చిన ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేనిది. మా ఓనర్ గారు 5డీ తీసుకోమంటున్నారు. నా తోటి కుర్రాళ్లు మాత్రం మిర్రర్‌లెస్ లేకపోతే ఇప్పుడు ఎవరూ పిలవరంటున్నారు. చీటీ డబ్బు మళ్లీ మళ్లీ రాదు కదా, చాలా టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏది తీసుకుంటారు?

నిడదవోలు స్టూడియో

తమ్ముడూ, 5డీ తీసుకో. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

మన పనిలో రెండోసారి తీసే అవకాశం ఉండదు. జీలకర్ర బెల్లం ఒక్కసారే పెడతారు, తాళి ఒక్కసారే కడతారు. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిలో నా కార్డు చచ్చిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెడితే అసలు తెరుచుకోలేదు. ఆ రోజు నన్ను కాపాడింది 5డీ మార్క్ 3 లోని రెండో స్లాటు. అందులో ఒక సీఎఫ్ కార్డు, ఒక ఎస్‌డీ కార్డు పడతాయి, రెండింట్లోకీ ఒకేసారి రాయించుకోవచ్చు. ఆర్50లో ఉన్నది ఒక్కటే స్లాటు.

రెండోది ఫ్లాష్. నీ ఓనర్ దగ్గర ఉన్న పాత ఫ్లాష్ గానీ, దూరంగా పెట్టిన ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గర్ గానీ తెచ్చి ఆర్50 మీద నేరుగా పెడితే పనిచేయదు. దాని హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు) కొత్త రకం, పాత కాంటాక్టులు లేవు. ఏడీ-ఈ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి. ఈ మాట షాపులో ఎవరూ చెప్పరు. కొన్నాక మండపంలో తెలుస్తుంది.

మూడోది చేతికి వీలు. 5డీకి ముందొక డయల్, వెనకొక డయల్, ఫోకస్ పాయింట్ మార్చడానికి జాయ్‌స్టిక్ ఉన్నాయి. కన్ను వ్యూఫైండర్ మీదే ఉంచి అన్నీ మార్చుకోవచ్చు. ఆర్50కి ఉన్న డయల్ ఒక్కటే. పైగా ఇప్పుడు ప్రతి పెళ్లికీ హల్దీ ఉంటోంది. పసుపు నీళ్లు ఎటునుంచి వచ్చి పడతాయో తెలియదు. 5డీది మెగ్నీషియం బాడీ, దుమ్మూ తేమా లోపలికి పోకుండా సీలింగ్ ఉంది. ఆర్50కి ఆ సీలింగ్ లేదు. బ్యాటరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎల్‌పీ-ఈ6 ఒకటి నిండుగా ఉంటే 950 ఫొటోలని కంపెనీ లెక్క. అదే బ్యాటరీ 6డీ, 7డీ, 70డీ, 80డీలకు కూడా పడుతుంది కాబట్టి ఏ ఊళ్లో ఏ స్టూడియోవాడినడిగినా ఒకటి దొరుకుతుంది.

రీల్ రాజ్యం, హైదరాబాద్

నిడదవోలు అన్న చెప్పినవన్నీ నిజమే, కానీ అసలైన సంగతి ఒక్కటి వదిలేశారు. అదే ఫోకస్.

నేను ఆరేళ్లు 5డీ మార్క్ 3 తోనే బతికాను. దాని 61 ఫోకస్ పాయింట్లూ ఫ్రేము మధ్య భాగంలోనే ఉంటాయి. పెళ్లికూతురి ముఖం ఫ్రేములో ఒక పక్కకు వస్తే మధ్య పాయింటుతో ఫోకస్ లాక్ చేసి, కెమెరా తిప్పి, అప్పుడు నొక్కాలి. 85 ఎఫ్/1.8 లెన్స్‌ను పూర్తిగా తెరిచి తీస్తే ఆ తిప్పడంలోనే ఫోకస్ కంటి మీంచి చెవి మీదికి పోతుంది. కెమెరా వెనకున్న చిన్న తెర మీద బాగానే కనిపిస్తుంది, ఇంటికెళ్లి వంద శాతం పెంచి చూసినప్పుడు బాధ తెలుస్తుంది. 5డీ లాంటి అద్దం ఉన్న కెమెరాలో, అంటే డీఎస్ఎల్ఆర్‌లో, ఫోకస్ చూసేది అద్దం కింద ఉండే వేరే సెన్సర్, ఫొటో పడేది వెనకున్న అసలు సెన్సర్ మీద. ఆ రెంటికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. అందుకే 5డీలో లెన్స్‌కు తగ్గట్టు సరిచేసుకునే మైక్రో అడ్జస్ట్‌మెంట్ మెనూ పెట్టారు.

మిర్రర్‌లెస్‌లో ఆ తేడా పుట్టే వీలే లేదు. ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది. ఆర్50 ముఖాన్నీ కంటినీ గుర్తుపట్టి ఫ్రేము అంచుల దాకా వెంటాడుతుంది. తలంబ్రాలప్పుడు ఇద్దరూ లేచి ఒకరి మీద ఒకరు పోసుకుంటుంటే, మధ్యలో బియ్యం ఎగురుతుంటే, నేను 5డీతో పదికి నాలుగు పోగొట్టుకునేవాడిని. ఇప్పుడు ఎక్స్‌ప్రెషన్ మీదే నా ధ్యాస ఉంటుంది.

ఇక వీడియో. తమ్ముడు బారసాలలు, ఓణీల ఫంక్షన్లు అంటున్నాడు. అక్కడ ఇప్పుడు ఆల్బమ్ కన్నా ముందు రీల్ అడుగుతారు, అదీ ఆ రాత్రికే. 5డీ మార్క్ 3లో 4కే లేదు, 1080 వరకే. వీడియో నడుస్తుండగా దాని ఆటోఫోకస్‌ను నమ్ముకోలేం, చేత్తో రింగు తిప్పుకోవాల్సిందే. ఆర్50 సెన్సర్ మొత్తం వెడల్పునూ 6కేగా చదివి 4కే 30 ఫ్రేములు ఇస్తుంది, ఫోకస్ దానంతటదే పాపాయి ముఖం మీద నిలుస్తుంది. తెర పక్కకు తెరుచుకుని తిరుగుతుంది కాబట్టి ఉయ్యాల పైనుంచి చెయ్యెత్తి తీసినా ఏం పడుతోందో కనిపిస్తుంది.

రెండు స్లాట్ల గురించి ఒక ప్రశ్న. 5డీ మార్క్ 2 లో ఉన్నది ఒక్క సీఎఫ్ స్లాటే కదా? 2008 నుంచి దాని మీద ఎన్ని వేల పెళ్లిళ్లు జరిగాయి? అప్పుడు మనమెవరం ఇది పెళ్లికి పనికిరాదు అనలేదు.

ఆల్బమ్ టేబుల్, వరంగల్

మీ ఇద్దరి ఫైళ్లూ చివరికి నా టేబుల్ మీదికే వస్తాయి కాబట్టి ఒక మాట. మెగాపిక్సెళ్ల గురించి కొట్టుకోకండి. 5డీ మార్క్ 3 ఫైలు 5760 బై 3840. ఆర్50 ఫైలు 6000 బై 4000. మనం వేసే 12 బై 36 షీటులో ఒక పక్క పేజీ 12 బై 18 అంగుళాలు. 300 డీపీఐకి 3600 బై 5400 పిక్సెళ్లు చాలు. రెండూ సరిపోతాయి.

తేడా వచ్చేది గ్రెయిన్స్‌లో, అంటే ఫొటో మీద కనిపించే చుక్కల్లో. కిట్ లెన్స్ 45 దగ్గర ఎఫ్/6.3 దాకా మూసుకుపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది). 24-105 అయితే ఎక్కడైనా ఎఫ్/4. అదే వెలుతురులో, అదే షట్టర్ స్పీడుకు 5డీ ఐఎస్ఓ (వెలుతురును పెంచి చూపే అంకె, పెరిగితే చుక్కలూ పెరుగుతాయి) 3200 దగ్గర తీస్తే, ఆర్50 కిట్ లెన్స్‌తో 8000కి పోవాలి. దానికి తోడు ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం ఆర్50 సెన్సర్‌కు రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. ఫ్లాష్ లేకుండా ఫంక్షన్ హాల్లో తీసిన కిట్ లెన్స్ ఫొటోల్లో పట్టుచీర జరీ అంతా నాయిస్ రిడక్షన్‌లో కరిగిపోయి వస్తుంది. నాకు మనసు ఉసూరుమంటుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 5డీ మార్క్ 3 ఫైలులో నీడల్ని ఎడిటింగ్‌లో ఎక్కువ పైకి లాగి వెలుతురు పెంచితే చారలు వస్తాయి. మధ్యాహ్నం ఎండలో కల్యాణమండపం బయట తీసిన ఫొటోల్లో ముఖాలు నల్లగా పడితే, ఆర్50 రా ఫైలు (సెన్సర్ ఇచ్చే ముడి ఫైలు) లాగినంత లాగొచ్చు. 5డీది అంత లాగలేను.

నిడదవోలు స్టూడియో

రీల్ రాజ్యం గారూ, 5డీ మార్క్ 2 మాట ఒప్పుకుంటాను. ఒక్క కార్డుతోనే తీశాం. కానీ ఆ రోజుల్లో ప్రతి పెళ్లికీ గుండె గుప్పిట్లో పెట్టుకునే ఇంటికొచ్చేవాడిని. రెండో స్లాటు వచ్చాక ఆ భయం పోయింది. పోయిన భయాన్ని మళ్లీ కొనుక్కోమని తమ్ముడికి చెప్పలేను.

ఫోకస్ మాట కూడా కాదనను. అయితే మన సంప్రదాయ ఫొటోల్లో చాలా భాగం స్టేజీ మీద నిలబెట్టి, ఫ్లాష్ వేసి, ఎఫ్/5.6 దగ్గర తీసేవే. అక్కడ కంటి ఫోకస్ ఉన్నా లేకపోయినా ఒకటే. వెలుతురు మనం వేసేదే కాబట్టి ఐఎస్ఓ గొడవా అంతగా ఉండదు.

గూడబాతు, గుంటూరు

నేను పెళ్లిళ్లు తీయను. సెలవు దొరికితే ఉప్పలపాడు చెరువు గట్టున కూర్చుని కొంగల్నీ గూడబాతుల్నీ తీసుకుంటాను. రెండు రకాల కెమెరాలూ వాడాను కాబట్టి రాస్తున్నాను. ఎగిరే పక్షి కంటిని ఆర్50 పట్టుకున్నట్టు నా పాత డీఎస్ఎల్ఆర్ ఎప్పుడూ పట్టుకోలేదు. కాకపోతే రా ఫైళ్లతో బర్స్ట్ (వరసగా ఫొటోలు) నొక్కితే సెకను తిరగకుండానే బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండి కెమెరా మెల్లగా అయిపోతుంది. తలంబ్రాలకు వేలు అదిమిపెట్టి ఉంచుదామనుకుంటే ఇది గుర్తుంచుకోవాలి. శబ్దం రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో మీద అడ్డ చారలు పడతాయి, అదీ చూసుకోండి.

బరువు మాట ఎవరూ ఎత్తలేదు. 5డీ, 24-105 కలిపితే 1,600 గ్రాములు దాటుతుంది, మీద ఫ్లాష్ పెడితే రెండు కిలోలు. ఆర్50 కిట్ లెన్స్‌తో కలిపి దాదాపు 500 గ్రాములు. నా కుడి మణికట్టుకు బెల్టు వచ్చిందే ఆ బరువు వల్ల.

రీల్ రాజ్యం, హైదరాబాద్

నిడదవోలు అన్నా, స్టేజీ ఫొటోలకు 5డీ చాలు, ఒప్పుకున్నాను. కానీ తమ్ముడు తీయబోయేది స్టేజీ కాదు, ఇళ్లల్లో జరిగే చిన్న ఫంక్షన్లు. కిటికీ వెలుతురు, పరుగెత్తే పిల్లలు, ఒళ్లో కదిలే పసిబిడ్డ.

కొత్త షట్టర్, నిన్నొకటి అడగాలి. మీ ఓనర్ దగ్గర కెనాన్ ఈఎఫ్ లెన్సులు (5డీ లాంటి డీఎస్ఎల్ఆర్‌లవి) ఉన్నాయా? అడిగితే ఇస్తారా? ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ ఒకటి ఉంటే అవన్నీ ఆర్50 మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. తిరగేసి చూస్తే కుదరదు, ఆర్50 లాంటి మిర్రర్‌లెస్‌ల ఆర్ఎఫ్ లెన్స్ ఏదీ 5డీకి పట్టదు. అంటే 5డీ కొంటే ఇప్పుడు బాగుంటుంది గానీ కొత్త ఆర్ఎఫ్ లెన్సులేవీ దానికి వాడుకోలేవు. కిట్ లెన్స్ వద్దనుకుంటే సిగ్మా 18-50 ఎఫ్/2.8 కూడా 2024 నుంచి ఆర్ఎఫ్ మౌంటులో దొరుకుతోంది. ఆల్బమ్ టేబుల్ గారు చెప్పిన గ్రెయిన్స్‌కి కారణం సగం బాడీ అయితే, సగం ఆ కిట్ లెన్సే.

5డీ వైపే మొగ్గితే మాత్రం షట్టర్ ఎన్ని తిరిగిందో చూపించమను. కంపెనీ పరీక్షించింది లక్షన్నర సార్లకు. పెళ్లికి 3,000 ఫొటోలనుకుంటే 50 పెళ్లిళ్లకే ఆ లెక్క నిండుతుంది. దాని తర్వాతి మోడల్ 5డీ మార్క్ 4 కూడా 2016లోనే వచ్చేసింది, కాబట్టి నీకిచ్చే బాడీ ఎంత పని చేసి ఉంటుందో ఆలోచించు. లెన్స్‌లోకి సెల్‌ఫోన్ టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూడు. గోదావరి పక్క తేమకు పట్టకుండా ఉండదు.

కొత్త షట్టర్, రాజమండ్రి

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే మాటల మీద కొనకుండా రెండూ చేత్తో పట్టుకుని చూశాను. 5డీ అమ్మే ఆయన ఒక ఆదివారం ఇచ్చారు. ఆర్50 స్నేహితుడి దగ్గర అరువు తెచ్చాను. మా పిన్నిగారి ఇంట్లో అన్నప్రాసన.

5డీని చేతిలోకి తీసుకోగానే నాకు ధైర్యం వచ్చింది, అది నిజం. ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకే తెలిసిపోతుంది. అద్దంలోంచి చూసే ఆ బొమ్మ నాకు ఇప్పటికీ ఇష్టం. కుటుంబమంతా నిలబడ్డ గ్రూప్ ఫొటోలు చాలా బాగా వచ్చాయి, ఆ రంగులు చూసి మా పిన్ని మురిసిపోయింది. కానీ పాపాయి ముందు పుస్తకం, బంగారం, కలం పెట్టి ఏది పట్టుకుంటుందా అని అందరం చూస్తుంటే, అది గబుక్కున పాకి కలం పట్టుకుంది. ఆ క్షణంలో 5డీతో నేను తీసిన ఐదింటిలో నాలుగింట్లో వెనకున్న మా తాతయ్య పంచె మీద ఫోకస్ ఉంది. తర్వాత మళ్లీ పాకించి ఆర్50తో తీస్తే అన్నింట్లో కన్ను పదునుగా ఉంది. రెండోసారి పాకినప్పుడు పాప ముఖంలో మొదటి సంబరం లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆర్50 మీద మా ఓనర్ గారి ట్రిగ్గర్ పెడితే అన్న చెప్పినట్టే అసలు వెలగలేదు.

షట్టర్ లెక్క అడిగితే 5డీ ఆయన తెలియదన్నారు. ఓనర్ గారిని లెన్సుల మాట అడిగాను. పాత 24-70 ఎఫ్/2.8 ఫంక్షన్లకు ఇస్తానన్నారు. అందుకే ఆర్50 తీసుకున్నాను. మిగిలిన డబ్బుకు కొంచెం అప్పు కలిపి ఈఎఫ్ అడాప్టర్, ఏడీ-ఈ1, ఒక వాడిన 50 ఎఫ్/1.8 కొన్నాను. వచ్చే శనివారం తాడితోటలో నా మొదటి సొంత బారసాల. కార్డు ఒక్కటే ఉంటుందన్న భయం మాత్రం ఇంకా అలాగే ఉంది.

నిడదవోలు స్టూడియో

మంచిది తమ్ముడూ. నేనైతే ఇప్పటికీ 5డీయే తీసుకునేవాడిని, ఆ మాట మార్చను. కానీ నువ్వు చూసుకుని కొన్నావు, అది నాకు నచ్చింది. పేరు పెట్టడం, ఉయ్యాలలో వేయడం అయిపోగానే కార్డు తీసి జేబులో పెట్టుకుని కొత్తది వెయ్యి. మొత్తం ఒకే కార్డు మీద లాగకు.

శుక్రవారం సాయంత్రం నిడదవోలు వచ్చి నా రెండో 5డీ తీసుకెళ్లు, సంచిలో పడుంటుంది. బ్యాటరీలు రెండూ ఛార్జింగ్ పెట్టి ఉంచుతాను.