పాత జిల్లా పటంలో డాల్ఫిన్స్ నోస్ సముద్రంలో పడుతోంది: పొరపాటు నాదా, నాటి సర్వేదారులదా?

ప్రశ్న: కోటవీధి పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ చేశాక, మన ఉమ్మడి విశాఖపట్నం జిల్లా ఊళ్ల పాత పేర్లను పోగుచేసే పని పెట్టుకున్నాను. అందుకోసం పంతొమ్మిదో శతాబ్దపు జిల్లా పటం ఒకదాని స్కాన్ ప్రతిని సంపాదించాను. దాని స్కేలు అంగుళానికి నాలుగు మైళ్లు. పటం మీద అచ్చయిన అక్షాంశ రేఖాంశాల గడులను ఆధారంగా తీసుకుని, పటాలు పరిచే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో దానిని నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిచాను. తీరా చూస్తే విశాఖ తీరాన ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండ నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి సముద్రంలో తేలింది. భీమిలి దగ్గర గోస్తనీ నది ముఖద్వారం కూడా అంతే దూరం, అదే దిక్కుకు జరిగింది.

సరే, నా చేతి పొరపాటు అనుకుని పటం మొత్తాన్ని పడమటికి జరిపి తీరరేఖకు కలిపాను. అప్పుడు తీరమూ, చోడవరం వైపు మైదానమూ చక్కగా కుదిరాయి. అయితే అనంతగిరి ఘాట్ ఎక్కిన తరువాత కొన్ని ఊళ్లు ఒక కిలోమీటరు, కొన్ని దాదాపు మూడు కిలోమీటర్లు తప్పిపోతున్నాయి, అదీ తలో దిక్కుకు. ఈ స్కేలులో కాగితం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద సుమారు 253 మీటర్లు. మూడు కిలోమీటర్ల తేడా వచ్చిందంటే గీసినవాడి కలం పన్నెండు మిల్లీమీటర్లు పక్కకు పోవాలి, అంత వణికే చెయ్యి ఎవరికీ ఉండదు కదా. సైన్యంలోని ఇంజనీర్లు అంత శ్రద్ధగా కొలిచారని చదువుతూ ఉంటాం. మరి ఒకే పటంలో ఒక సగం ఇంత సరిగా, మరో సగం ఇంత తప్పుగా ఎందుకున్నాయో తెలిసినవారు వివరించగలరు. కొండలన్నీ గొంగళిపురుగుల్లా గీసి ఉన్నాయి, వాటి నుంచి ఎత్తులు తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం: గొలుసు మేస్త్రి

అయ్యా, మీ ప్రశ్నలో రెండు వేరువేరు తప్పులు ఉన్నాయి. వాటిని కలిపి చూడడం వల్లనే చిక్కు వచ్చింది. సర్వే శాఖలో పనిచేసి దిగిపోయినవాడిని గనుక మొదటిదాని సంగతి చెప్పగలను, రెండోదాన్ని నాకంటే బాగా తెలిసినవారికి వదులుతాను.

పటం మొత్తం ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగిందంటే అది మీ పొరపాటు కాదు. ఆనాటి పటాల రేఖాంశాలన్నిటికీ మూలం మద్రాసు అబ్జర్వేటరీ, అంటే నక్షత్రాలను పరిశీలించే కేంద్రం. దాని రేఖాంశాన్ని 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లుగా తీసుకుని, అక్కడి నుంచి కొండల మధ్య త్రిభుజాలు కొలుచుకుంటూ మిగతా ఊళ్ల రేఖాంశాలను లెక్కగట్టారు. తరువాతి కాలంలో టెలిగ్రాఫు తీగల ద్వారా రెండు చోట్ల గడియారాలను సరిపోల్చి చూస్తే అసలు విలువ 80 డిగ్రీల 14 నిమిషాల 54 సెకన్లని తేలింది. తేడా 2 నిమిషాల 27 సెకన్లు. విశాఖ అక్షాంశం దగ్గర ఇది ఇంచుమించు 4.3 కిలోమీటర్లు అవుతుంది. మీ డాల్ఫిన్స్ నోస్ నీళ్లలో పడడానికి కారణం అదే.

అక్షాంశంలో ఇటువంటి తప్పు ఎందుకు రాలేదని మీకు సందేహం కలగవచ్చు. అక్షాంశం కోసం నక్షత్రం ఎంత ఎత్తున ఉందో కొలిస్తే చాలు, గడియారంతో అంత పని ఉండదు. రేఖాంశం అలా కాదు, అది నిజానికి రెండు ఊళ్ల స్థానిక కాలాల మధ్య తేడా. గ్రీన్‌విచ్‌లో ఇప్పుడు ఎంత సమయమైందో మద్రాసులో ఉన్నవాడికి తెలియాలి. తీగ లేని రోజుల్లో అబ్జర్వేటరీ అధికారి గోల్డింగ్‌హామ్ వంటివారు గురుగ్రహపు ఉపగ్రహాలకు గ్రహణం పట్టే క్షణాన్ని చూసి ఆ సమయాన్ని రాబట్టేవారు. ఉపగ్రహం ఠక్కున మాయం కాదు, మెల్లగా మసకబారుతుంది. ఏ క్షణాన మాయమైందన్నది దుర్భిణి శక్తిని బట్టి, చూసేవాడి కంటిని బట్టి మారిపోతుంది. 2 నిమిషాల 27 సెకన్ల కోణాన్ని కాలంలోకి మారిస్తే 9.8 సెకన్లు. మన అక్షాంశం దగ్గర కాలంలో ఒక సెకను తేడా వస్తే నేల మీద 440 మీటర్ల తేడా వస్తుంది. పది సెకన్లు కూడా లేని ఆ తేడా పటాలలో దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోయింది. వారిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

కాబట్టి పటాన్ని చేత్తో జరపకండి. ప్రతి గడి రేఖాంశం నుంచి 2 నిమిషాల 27 సెకన్లు తీసివేసి మళ్లీ పరచండి. మీ ప్రతిలో అంచు కత్తిరించకుండా ఉంటే, కింది భాగంలో మద్రాసు అబ్జర్వేటరీ ప్రస్తావనతో చిన్న అక్షరాల వాక్యం ఉంటుందేమో ఒకసారి చూడండి.

విషయానికి కాస్త పక్కదైనా, మన ఊళ్లోనే 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఒక అబ్జర్వేటరీ నెలకొల్పారు. ఆయన మద్రాసు అబ్జర్వేటరీలోనే ఖగోళ విద్య నేర్చుకున్నారు. డాబా గార్డెన్స్ మీదుగా రోజూ తిరిగేవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

సమాధానం: త్రికోణమితి పంతులు

మేస్త్రి గారు చెప్పినదానికి కొనసాగింపుగా, తీరమూ మైదానమూ ఎందుకంత చక్కగా కుదిరాయో చెబుతాను.

1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నూరడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ల గీత ఒకటి కొలవడం మొదలుపెట్టాడు. దానినే ఆధార రేఖ అంటారు. గీత పొడవు తెలిస్తే చాలు, దాని రెండు చివరల నుంచి దూరపు కొండ శిఖరానికి కోణాలు కొలిచి త్రిభుజం మిగతా భుజాలను లెక్కతో రాబట్టవచ్చు. ఆ భుజాలు తరువాతి త్రిభుజాలకు ఆధారం అవుతాయి. నేల మీద గొలుసు లాగవలసింది ఒక్కసారే, ఆ తరువాత పనంతా కోణాలు కొలిచే థియోడలైట్‌దీ లెక్కలదీ.

అందువల్ల ఆ మొదటి గీతలో తప్పు దొర్లితే వందల మైళ్ల దాకా పాకుతుంది. ఉక్కు గొలుసు ఎండకు సాగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే నూరడుగుల గొలుసు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇది చిన్నదిగా కనిపించవచ్చు గాని, ఏడున్నర మైళ్లలో దాదాపు నాలుగు వందల సార్లు ఆ గొలుసు పరచాలి, అప్పటికి తప్పు ఒకటింబావు మీటరు దాటిపోతుంది. అందుకనే గొలుసును పెట్టెల్లో ఉంచి, నీడ పట్టి, పక్కనే థర్మామీటర్లు పెట్టి కొలిచేవారు. లాంబ్టన్ తరువాత ఈ సర్వేకు అధిపతి అయిన జార్జి ఎవరెస్టు కాలం వచ్చేసరికి గొలుసును పక్కనపెట్టి, ఇనుము, ఇత్తడి కడ్డీలను జతచేసిన పదడుగుల కొలబద్దలు తెచ్చారు. రెండు లోహాలు వేరువేరుగా వ్యాకోచిస్తాయి గనుక, వాటిని కలిపే చిన్న అడ్డకడ్డీల మీది చుక్కల మధ్య దూరం మాత్రం ఎండలోనూ చలిలోనూ మారకుండా అమర్చారు.

ఈ కడ్డీలు మన విశాఖకూ వచ్చాయి. 1862-63లో ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ బసేవి ఆధ్వర్యంలో ఇక్కడ ఆరున్నర మైళ్ల ఆధార రేఖను కొలిచారు. అప్పటికే కలకత్తా ఆధార రేఖ నుంచి తీరం వెంబడి దట్టమైన అడవుల మీదుగా 480 మైళ్ల త్రిభుజాల గొలుసు ఇక్కడిదాకా వచ్చింది. ఆ లెక్క ప్రకారం విశాఖ రేఖ పొడవు ఎంత ఉండాలో ముందే తెలుసు. దానితో కడ్డీలతో కొలిచిన పొడవును పోల్చి చూస్తే తేడా అరంగుళం, అంటే ఎనిమిది లక్షల్లో ఒక వంతు. ఇందులో అదృష్టం పాలు కూడా కొంత ఉందని నా అభిప్రాయం. హెచ్చు తప్పులూ తగ్గు తప్పులూ ఒకదానికొకటి చెల్లిపోయి ఉండవచ్చు. అయినా ఆ పని ఎంత నిఖార్సయినదో చెప్పడానికి ఇది చాలు. బసేవి తరువాత గురుత్వాకర్షణ కొలిచే లోలకాలు పట్టుకుని దేశమంతా తిరిగి, 1871లో లద్దాఖ్‌లో సుమారు 17,000 అడుగుల ఎత్తున పనిచేస్తూనే మరణించాడు.

మరో సూక్ష్మం చెప్పి ఆపుతాను. బడిలో త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలని పిల్లలకు చెబుతాం. భుజం 30 మైళ్లున్న సమబాహు త్రిభుజాన్ని భూమి మీద కొలిస్తే, భూమి గుండ్రంగా ఉండడం వల్ల ఆ మొత్తానికి అయిదు సెకన్లు అదనంగా వస్తుంది. ఆ అయిదు సెకన్లను కూడా లెక్కలో చూసుకున్నవారు తీరరేఖను కిలోమీటర్ల కొద్దీ తప్పు పెట్టరు.

సమాధానం: పాడేరు బాటసారి

ఇక మన్యం సంగతి. పంతులుగారు చెప్పిన త్రిభుజాలు శిఖరం నుంచి శిఖరానికి సాగుతాయి. లోయలో, చెట్ల కింద, పది ఇళ్లున్న గూడెం ఏ శిఖరం మీది థియోడలైట్‌కూ కనిపించదు. అటువంటి చోట్లను చేర్చవలసివచ్చినప్పుడు సైన్యం రూట్ సర్వే అనే తేలిక పద్ధతిని వాడేది. దళం నడిచే దారి వెంబడి ఒక మనిషి కొలతచక్రాన్ని దొర్లిస్తూ నడుస్తాడు, మలుపు వచ్చిన చోటల్లా అధికారి దిక్సూచితో దిశ చూసి పుస్తకంలో రాసుకుంటాడు. సేనలకు కావలసింది అరంగుళం ఖచ్చితత్వం కాదు. నీళ్లెక్కడ దొరుకుతాయి, బండి ఎక్కడిదాకా పోతుంది, ఏనుగు ఏ కనుమ ఎక్కగలదు, గుడారాలు వేయడానికి చదును నేల ఎక్కడుంది అన్నవే వారికి కావాలి. 1830లలో పర్లాకిమిడి, పాలకొండ తిరుగుబాట్లూ, 1879లో మొదలై గూడెం వైపు పాకిన రంప తిరుగుబాటూ తలచుకుంటే, ఈ సమాచారం ఎవరికి, ఎందుకు అవసరమైందో వేరే చెప్పనక్కరలేదు.

కొలతచక్రం చదును నేల మీద నమ్మకమైనదే, ఘాట్ ఎక్కినప్పుడు మాత్రం దారి తప్పిస్తుంది. అది కొలిచేది వాలు వెంట దూరాన్ని, పటానికి కావలసింది అడ్డం దూరం. ఇరవై డిగ్రీల వాలులో వెయ్యి మీటర్లు దొర్లిస్తే అడ్డంగా వచ్చేది 940 మీటర్లే. రాళ్ల మీద చక్రం ఎగిరిపడడం, వాగు దగ్గర దానిని భుజాన వేసుకుని దాటి ఆ దూరాన్ని కంటితో అంచనా కట్టడం, ఇనుము పాలున్న రాయి దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు లాగడం కూడా తోడవుతాయి. ప్రతి మలుపులోని తప్పు తరువాతి మలుపుకు సంక్రమిస్తుంది. త్రిభుజాల పనిలోలాగా మళ్లీ సరిచూసుకునే ఏర్పాటు మధ్యలో ఉండదు.

జ్వరం సంగతి కూడా మరవకూడదు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో 1819లో ఎవరెస్టు బృందమంతా జ్వరంతో కుప్పకూలింది, కోలుకోవడానికి ఆయన కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా వెళ్లవలసివచ్చింది. అధికారుల పేర్లు మనకు తెలుస్తాయి. జెండా పట్టి కొండ మీద రోజుల తరబడి నిలబడిన కళాసీలు, సామాను మోసిన కూలీలు, దారి చూపిన గిరిజనులు ఎందరు పోయారో ఏ పటం మీదా ఉండదు.

మీరు ఒక పరీక్ష చేయండి. తప్పిన ఊళ్లను విడివిడిగా కాకుండా, పాత దారి వెంట వరుసగా పెట్టి చూడండి. తప్పు కొండ మొదట్లో కొద్దిగా ఉండి, పైకి పోయేకొద్దీ ఒకే వైపు పెరుగుతూ ఉంటే అది చక్రం తప్పు. ఒక్క ఊరే వరుసకు చెందకుండా పక్కకు పోయి ఉంటే, పటాన్ని అనుమానించే ముందు ఊరినే అనుమానించండి. పోడు కోసమో, జబ్బు సోకో, నీరు ఎండో మా వైపు గూడేలు చోటు మారుతూనే ఉంటాయి. పేరు వెంట వస్తుంది, ఇళ్లు మాత్రం వేరే చోట లేస్తాయి.

గొంగళిపురుగుల మాట: ఆ గీతలు వాలు దిశను చూపుతాయి, దట్టంగా ఉన్నచోట కొండ నిటారుగా ఉన్నట్టు లెక్క. వాటి నుంచి ఎత్తు రాబట్టలేరు. శిఖరం పక్కన అంకె వేసి ఉంటే అదొక్కటే ఆధారం.

ప్రశ్నికుని తిరుగు సమాధానం: కోటవీధి పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు దీని మీదే కూర్చున్నాను.

స్కాన్ ప్రతిలో కింది అంచు మడతపడి ఉంది. సరైన ప్రతి మళ్లీ తెప్పించి చూస్తే, మేస్త్రి గారు చెప్పిన వాక్యం చీమ తలకాయంత అక్షరాలతో కనిపించింది, మద్రాసు రేఖాంశం 80-17-21 అని. ఆ 2 నిమిషాల 27 సెకన్లు తీసివేయగానే డాల్ఫిన్స్ నోస్ నేల మీదికి వచ్చింది. నేను చేత్తో జరిపినదానికీ దీనికీ రెండు వందల మీటర్ల తేడా ఉంది, కాబట్టి నా కంటి లెక్క మీద నాకున్న నమ్మకం కాస్త తగ్గింది.

బాటసారి గారు చెప్పిన పరీక్ష ఘాట్ దారి మీద చేశాను. కొండ అడుగున తప్పు అరకిలోమీటరు, నడుమ ఒకటిన్నర, పైన దాదాపు మూడు, అన్నీ వాయవ్యం వైపే. నేను తలో దిక్కు అని రాసింది రెండు మూడు దారుల ఊళ్లను కలిపేసి చూడడం వల్ల. ఇంకొక సంగతి కూడా గమనించాను. ఆ ఊళ్ల మధ్యలోనే ఉన్న గాలికొండ శిఖరం మాత్రం వంద మీటర్ల తేడాతో ఉండవలసిన చోటే ఉంది. శిఖరానికి త్రిభుజం అందింది, దాని కింది ఊరికి చక్రమే గతి అయిందన్నమాట.

వరుసకు లొంగని ఊరు ఒకటే మిగిలింది. ఆ ఊరి మాస్టారు ఒకరికి ఫోను చేసి పటంలోని చోటు వివరించాను. అక్కడ ఇళ్లు లేవుగాని నాలుగు ముసలి చింతచెట్లూ, పనసచెట్లూ, విరిగిన రోలు ఒకటీ ఉన్నాయని, పెద్దవాళ్లు దానిని పాతూరు అంటారని ఆయన చెప్పారు. నా పట్టికలో ఆ ఊరి వరుసలో 'పటం తప్పు' అని రాసినది కొట్టివేసి, 'ఊరు కదిలింది' అని దిద్దుకున్నాను.