దేవుణ్ణి నమ్మనని నలుగురికీ తెలిశాక ఈ ఊళ్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్రగతినగర్ పక్షి:
నిజాంపేట వైపు ఫ్లాట్ కొనుక్కున్నాం. అత్తగారి కోరిక మీద గృహప్రవేశం జరిగింది కానీ నేను పీటల మీద కూర్చోలేదు, బావమరిది దంపతులు కూర్చున్నారు. మా ఆవిడ నమ్ముతుంది, నేను నమ్మను. ఇంట్లో దానితో పేచీ లేదు. పేచీ అంతా బయటే. "మీరు నాస్తికులట కదా" అని లిఫ్టులో అడుగుతున్నారు, ఏదో జబ్బు సంగతి అడిగినట్టు. మొన్న మా పాపతో ఎవరో పిల్ల "మీ నాన్న దేవుణ్ణి తిడతాడంట" అందట. నేను ఎవర్నీ తిట్టలేదు. వినాయక చవితి చందా పుస్తకం వచ్చే టైమ్ కూడా అయింది. దాచుకోకుండా బతుకుతున్నవాళ్లు మీ అనుభవాలు రాయండి. దేవుడున్నాడా లేడా అన్న వాదన మాత్రం ఇక్కడ వద్దు.

చిక్కడపల్లి చాయ్:
నేను చందా ఇస్తాను. "అన్నదానం కింద రాయండి" అని చెప్పి ఇస్తాను. హారతి టైమ్‌కి పక్కకి తప్పుకుంటాను, భోజనాలప్పుడు పులిహోర వడ్డిస్తాను. బాలాపూర్‌లో 1994లో లడ్డూ వేలం మొదలైంది, ఇప్పుడు మా గల్లీ మండపానికి కూడా ఆ పిచ్చి పట్టింది. వేలం డబ్బు లెక్కలు ఎవరు రాస్తారనుకుంటున్నారు? నేనే. "నువ్వైతే దేవుడి పేరు చెప్పి తినవు" అంటాడు మా ప్రెసిడెంటు.

ఉత్తచేతులు:
చాయ్ అన్నా, అన్నదానం అని రాయించుకున్నా డబ్బు వెళ్లేది డీజేకే. ఒకసారి ఇస్తే శ్రీరామనవమికి వస్తారు, బోనాలకి వస్తారు, కార్తీకంలో పడిపూజకి వస్తారు. నేను ఇవ్వను. మెయింటెనెన్స్ ఒక్క రోజు ఆలస్యం చేయను, చందా ఇవ్వను. మొదటి ఏడాది మొహాలు మాడ్చుకున్నారు. ఇప్పుడు మా ఫ్లాట్ గంట నొక్కకుండానే పైకి వెళ్లిపోతారు. నవ్వుతూ చెప్పాలి, అంతే. ఉపన్యాసం ఇస్తే మాత్రం పని చెడిపోతుంది.

టోలిచౌకి తూనీగ:
మీ అందరి కష్టమూ చందా దగ్గరే ఆగిపోయింది, అదృష్టవంతులు. నేను ముస్లిం ఇంట్లో పుట్టాను. నమ్మనని అమ్మీకి మాత్రమే చెప్పాను. ఏడవలేదు, కోప్పడలేదు. "చెల్లి నిఖా అయ్యేదాకా మీ అబ్బా ముందు అనకు" అంది. ఆ రోజు నుంచి రంజాన్ నెలంతా ఇంట్లో రోజా (ఉపవాసం) ఉన్నట్టు నటిస్తూ ఆఫీసులో ఇడ్లీ తింటున్నాను. ఆఫీసులో ఇంకో తలనొప్పి. నేను నమ్మనని తెలిసిన ఒక సీనియర్ "నువ్వు వేరేలే, మీ వాళ్లలాంటిదానివి కాదు" అని భుజం తడతాడు. ఆయన పూజలు ఆయన చేసుకుంటూనే ఉంటాడు. మా వాళ్లని తిట్టడానికి నన్ను సాక్ష్యం చేసుకోవడం అన్నిటికన్నా చిరాకు.

పైగా నమ్మకం పోయినా చట్టం పోదు. ఆస్తి పంపకం షరియత్ ప్రకారమే. మతం వదిలేసినవాళ్లకి భారత వారసత్వ చట్టం వర్తింపజేయమని కేరళ నుంచి ఒకావిడ వేసిన పిటిషన్‌ని 2024లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకుంటే ఆ వారసత్వ చట్టంలోకి వస్తాం కానీ, ముప్పై రోజుల నోటీసు ఆఫీసు గోడ మీద అంటిస్తారు. ఆ గోడ ముందు నుంచి మా బంధువు ఎవరూ నడవకూడదని ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలో చెప్పండి.

ప్రగతినగర్ పక్షి:
తూనీగ గారూ, నేను అడిగిన తీరులోనే ఒక పక్షం వాళ్ల సంగతి మాత్రమే ఉంది. రాసినందుకు థ్యాంక్స్. ఇంకో డౌటు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి: రెండో బిడ్డ పుట్టబోతోంది. బర్త్ సర్టిఫికెట్‌లో మతం కాలమ్ ఖాళీగా వదిలేయొచ్చా?

కాగితాల పురుగు:
2023 జులైలో తెలంగాణ హైకోర్టు తీర్పు ఉంది, చూడండి. మతం, కులం రాయని దరఖాస్తుని మున్సిపాలిటీ తీసుకోలేదని ఒక జంట కోర్టుకి వెళ్లారు. 'మతం లేదు, కులం లేదు' అనే కాలమ్ పెట్టమని కోర్టు చెప్పింది. అంతకుముందు 2014లో బాంబే హైకోర్టు కూడా ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు ఉందంది. 2019లో తమిళనాడు తిరుపత్తూరులో ఒక మహిళా లాయరు ఏకంగా 'కులం లేదు, మతం లేదు' అనే సర్టిఫికెటే తెచ్చుకున్నారు. తీర్పు ప్రింటవుట్ జేబులో పెట్టుకుని వెళ్లండి. కౌంటర్‌లో ఉన్నాయన దాని గురించి వినుండకపోవచ్చు.

2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్లు దేశం మొత్తం మీద దాదాపు 28.7 లక్షలు. వాళ్లందరూ నాస్తికులేనని అనుకోకండి, అది 'చెప్పలేదు' అనే లెక్క మాత్రమే.

రెండో బెంచి:
ఆ కాలమ్ అందరికీ ఒకటి కాదు. మేం ఎస్సీ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు తప్ప వేరే మతం పాటిస్తే ఎస్సీగా గుర్తించరు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. ఏ మతమూ లేదనేవాడి సంగతి అందులో రాయలేదు. రాయలేదు కదా అని మండల ఆఫీసులో నా కొడుకు సర్టిఫికెట్‌తో ప్రయోగం చేయమంటారా? అంబేడ్కర్‌ని చదివి గుడి మానేసినవాడు మా నాన్న, ఇంట్లో మూడో తరం నమ్మనివాళ్లం. కాగితం మీద మాత్రం అందరం నిఖార్సైన హిందువులం. మతం కాలమ్ కొట్టేసి ఫొటో పెట్టేవాళ్లని చూస్తే కోపం రాదు కానీ, "మీరెందుకు రాయరు, ధైర్యం లేదా" అంటే మాత్రం వస్తుంది.

కాగితాల పురుగు:
ఒప్పుకుంటాను. నేను రాసేటప్పుడు నాకు పోయేదేమీ లేదు.

ఉత్తచేతులు:
ఇంకో మాట, పక్షి గారికి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దేవుళ్ల మీద జోకు ఫార్వర్డ్ చేయకండి, ఎంత నవ్వొచ్చినా. మత భావాలను కావాలని గాయపరిస్తే పెట్టే పాత ఐపీసీ 295ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299 సెక్షన్, మూడేళ్ల వరకు జైలు. 2022 డిసెంబరు చివర్లో అయ్యప్ప మీద మాటలకి ఒక నాస్తిక సంఘం నాయకుణ్ణి అరెస్టు చేశారు, గుర్తుండే ఉంటుంది. నేను నమ్మను అనడం వేరు, ఎదుటివాడి నమ్మకాన్ని ఎగతాళి చేయడం వేరు. పోలీసులు ఈ తేడా చూస్తారన్న గ్యారంటీ లేదు.

అల్వాల్ అమ్మమ్మ:
పిల్లలూ, మీవన్నీ బతికుండగా వచ్చే గొడవలు. అసలు గొడవ చావు దగ్గర.

మాది కృష్ణా జిల్లా. నాస్తిక ఉద్యమం నడిపిన గోరాగారు (గోపరాజు రామచంద్రరావు) 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో బెజవాడ పటమటకి మార్చారు. మా నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్లేవాడు. గోరాగారి అమ్మాయికి దళిత యువకుడితో పెళ్లి 1948లో సేవాగ్రామ్‌లో జరిగిన కథ మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. గాంధీగారే దగ్గరుండి చేస్తానని ఒప్పుకున్నారు, ఈలోగా ఆయన్ని చంపేశారు.

మా ఆయన కళ్లు, శరీరం రెండూ ఇవ్వాలని ముందే ఫారం నింపారు. ఆయన పోయిన రాత్రే మరిది వచ్చి "తలకొరివి లేకపోతే ఆత్మ తిరుగుతుంది" అని మొదలుపెట్టాడు. మా పెద్దవాడు మెత్తబడ్డాడు. తెలుసుకోండి, ఫారం ఉంటే సరిపోదు, పోయాక ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే కాలేజీవాళ్లు తీసుకోరు. నేను గుమ్మంలో కూర్చుని "ఆయన మాట ఆయనది, మీ ఆత్మ మీది" అన్నాను. తెల్లారి మెడికల్ కాలేజీకే ఇచ్చాం. పదకొండో రోజు భోజనాలు పెట్టాను. అది మానలేదు, వచ్చినవాళ్లు ఆకలితో పోకూడదుగా.

ఆ తరవాత నా బొట్టు, గాజుల సంగతి వచ్చింది. నలుగురు ముత్తయిదువలు వచ్చి కూర్చున్నారు. నేను తీయనన్నాను. ఇప్పటికీ పెట్టుకుంటున్నాను. నాస్తికురాలికి బొట్టెందుకని ఒకరంటారు, విధవకి బొట్టెందుకని ఇంకొకరంటారు. ఎర్ర రంగు నాకు బాగుంటుంది.

టోలిచౌకి తూనీగ:
అమ్మమ్మా, మీ ఇంటికి ఒకసారి రావచ్చా?

అల్వాల్ అమ్మమ్మ:
రా తల్లీ. రోజా టైమ్‌లో అయితే ఇడ్లీ ఇక్కడే తినొచ్చు.

చిక్కడపల్లి చాయ్:
అమ్మమ్మ గారూ, యాక్సిడెంట్‌లో పోతే కూడా శరీరం తీసుకుంటారా? మా అన్నయ్య ఫారం నింపుతానంటున్నాడు.

అల్వాల్ అమ్మమ్మ:
పోస్టుమార్టం అయితే మామూలుగా తీసుకోరు. గాంధీ మెడికల్ కాలేజీ అయినా ఉస్మానియా అయినా అనాటమీ విభాగాన్ని ముందే అడిగి ఉంచుకోండి. కళ్లు మాత్రం ఆరు గంటల లోపు తీయాలి, ఐ బ్యాంకు వాళ్లే ఇంటికొస్తారు. షుగరున్నా, అద్దాలున్నా పరవాలేదు. వాళ్లొచ్చేలోగా రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపేయండి. ఫారం మీద మీ వదినగారి సంతకం, పిల్లల సంతకం ఇప్పుడే పెట్టించండి. మరిది వరసవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి కూడా ముందే చెప్పేయండి.