ఆలస్యమైన విడుదలకు కొత్తవారిని చేర్చుకోవడం ఉపయోగమా?

కొండాపూర్ డెవలపర్:
అందరికీ నమస్కారం. హైదరాబాదులోని ఒక ఐటీ సేవల సంస్థలో సీనియర్ డెవలపర్‌గా ఉన్న నన్ను ఇటీవల డెవలప్‌మెంట్ మేనేజరుగా నియమించారు. బృందంలో తొమ్మిది మంది ఉన్నారు, క్లయింటు న్యూయార్క్‌లో ఉంటారు. చెల్లింపుల మాడ్యూల్ విడుదల వెనుకబడటంతో, బెంచ్ మీద (ప్రస్తుతం ఏ ప్రాజెక్టూ లేకుండా) ఉన్న నలుగురిని ఇస్తామనీ, తేదీ మాత్రం మారకూడదనీ డెలివరీ హెడ్ అంటున్నారు. క్లిష్టమైన కోడ్ నేనే రాస్తే పని త్వరగా తెములుతుందేమోనన్న ఆలోచన కూడా ఉంది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

పాత మెయిన్‌ఫ్రేమ్:
ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో మనుషులను పెంచితే అది మరింత ఆలస్యమవుతుందని, ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే రాశారు. తొమ్మిది మంది ఉన్నచోట ఇద్దరిద్దరి మధ్య సంభాషణకు 36 దారులుంటాయి, పదమూడు మంది అయితే అవి 78 అవుతాయి. పైగా కొత్తవారికి అనుమతులు రావాలి, లాప్‌టాప్‌లో బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే ప్రక్రియ) నడవాలి, కోడ్ అర్థం కావాలి. ఇవన్నీ దగ్గరుండి చూడవలసినవారు మీ బృందంలో ఇప్పుడు అందరికంటే ఎక్కువ పని మోస్తున్న ఆ ఇద్దరు ముగ్గురే. బెంచ్ మీద ఉన్నవారి పనికి క్లయింటు నుంచి బిల్లింగ్ (చెల్లింపు) దొరుకుతుందన్న ఆశ కూడా ఆ ప్రతిపాదన వెనుక ఉండవచ్చు. అది సంస్థకు న్యాయమైన అవసరమే గానీ మీ తేదీకి దానితో పని లేదు. రిగ్రెషన్ పరీక్షల (కొత్త మార్పులతో పాతవి చెడలేదని చూసే పరీక్షల) వంటి, విడిగా అప్పగించగల పని ఉంటే ఒకరిని తీసుకోండి. నలుగురూ వద్దు.

రాత్రి కాల్స్:
కోడ్ విషయంలో నా అభిప్రాయం చెబుతాను. న్యూయార్క్‌కూ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా ఉంటుంది కనుక మీ సాయంత్రాలు కాల్స్‌కే పోతాయి, పగలు బృందం సందేహాలకు పోతుంది. విడుదలకు తప్పనిసరైన భాగాన్ని మీరే పెట్టుకుంటే, మీరు మీటింగ్‌లో ఉన్నంతసేపూ దానిమీద ఆధారపడినవారు ఖాళీగా కూర్చోవలసి వస్తుంది. కోడ్ రివ్యూలు చేయండి, బిల్డ్ ఎందుకు విఫలమవుతోందో చూడండి, అంతకు మించి వద్దు.

టెస్టింగ్ లీడ్:
పై మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. కోడ్ ముట్టని మేనేజరు ఇచ్చే అంచనాలను డెవలపర్లు కొంతకాలానికి నమ్మడం మానేస్తారు. తొందర లేని చిన్న బగ్‌లు మీరే సరిచేస్తూ ఉండండి. అయితే అసలు తేల్చవలసింది పరిధి. మొదటి విడుదలలో కార్డు చెల్లింపులు ఇచ్చి, రీఫండ్లను తర్వాతి దానికి వాయిదా వేయవచ్చా అని ఏ ఫీచర్లు ముందు కావాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనరును అడిగారా?

కొండాపూర్ డెవలపర్:
అడగలేదు. ఒప్పందంలో రెండూ ఉన్నాయి కాబట్టి, ఆ మాట ఎత్తితే క్లయింటు నొచ్చుకుంటారని డెలివరీ హెడ్ వారిస్తున్నారు.

పాత మెయిన్‌ఫ్రేమ్:
విడుదలకు ముందు వారంలో తెలిస్తే ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారు, పైగా అప్పటికి తమ వినియోగదారులకు తేదీ ప్రకటించేసి ఉంటారు. ముందు డెలివరీ హెడ్‌తో విడిగా కూర్చుని, ఏది పూర్తయింది, ఏది మిగిలింది, రీఫండ్లు తీసేస్తే తేదీ ఎంత ముందుకు వస్తుంది అన్నవి ఒకే పేజీలో చూపించండి. ఆయన ఒప్పుకున్నాక క్లయింటుతో కాల్‌లో ఆయన్నే మాట్లాడమనండి, ఎందుకంటే ఒప్పందం మీద మార్పు కోరే అధికారం ఆయనది.