రివర్స్‌లో పెట్టుకున్న గుర్తులు టెస్ట్ రోజు పనిచేస్తాయా?

మధురవాడ అమ్మాయి:
నమస్తే అండి. పోయిన వారం కార్ లైసెన్స్ టెస్ట్‌లో హెచ్ (హెచ్ అక్షరం ఆకారంలో కర్రలు పాతిన ట్రాక్) దగ్గర ఫెయిలయ్యాను, రివర్స్‌లో బంపర్ అవతలి కర్రకి తగిలేసింది. మా డ్రైవింగ్ సార్ నేర్పిందేంటంటే ఎడమ వెనక కిటికీలో కర్ర కనపడగానే ఆగి స్టీరింగ్ ఫుల్‌గా తిప్పమని. ప్రాక్టీస్‌లో ప్రతిసారీ వచ్చింది. టెస్ట్ రోజు అదే కార్, కాకపోతే నాకంటే ముందు ఓ పొడుగు అబ్బాయి తీశాడు, నేను కంగారులో అలాగే ఎక్కి కూర్చున్నా. 7 రోజులయ్యాక మళ్ళీ వెళ్ళొచ్చు కదా, ఈలోపు గుర్తులు వదిలేసి అంచనా మీద నేర్చుకోవాలా? చాలా భయంగా ఉంది.

గాజువాక అన్న:
చెల్లీ, సమస్య అక్కడే ఉంది, సీటు. గుర్తు అంటే నీ కన్ను, కిటికీ అంచు, కర్ర మూడూ ఒకే గీతలోకి రావడం. సీటు నాలుగు వేళ్ళు వెనక్కుంటే కన్ను కూడా వెనక్కెళ్ళింది, అప్పుడు కర్ర ఆ అంచు దగ్గరికి ఆలస్యంగా వస్తది, నువ్వు ఆలస్యంగా తిప్పుతావు, అవతలి కర్రకి తగిలేది అందుకే. ముందుకి వంగి చూసినా అంతే, గుర్తు మారిపోద్ది. ఎక్కగానే క్లచ్ పూర్తిగా తొక్కి సీటు సరిచేసుకో, తర్వాత అద్దాలు, తర్వాతే స్టార్ట్. ఎవరూ తొందరపెట్టరు, పెట్టినా ఆ నిమిషం తీసుకో.

సీతమ్మధార ఆంటీ:
నేను 47 ఏళ్ళకి నేర్చుకున్నానమ్మా, నాకు సార్ చెప్పిన గుర్తు ఒక్కటీ కుదరలేదు, నేను పొట్టి. అందుకే మా వారిని బయట నిలబెట్టి, ఇసుక పోసిన వాటర్ బాటిళ్ళు నాలుగు ఖాళీ సైటులో పెట్టి, వెనక చక్రం బాటిల్ పక్కకి రాగానే ఆపమని చేయి ఊపమన్నా. ఆగాక నా సీట్లోంచి ఆ బాటిల్ ఎక్కడ కనపడుతోందో చూసుకున్నా, అదే నా గుర్తు. రివర్స్‌లో ముందు భాగం బయటికి ఊగుద్ది, అదీ చూసుకో. ఇంకోటి, పొద్దున్నే సముద్రం గాలికి సైడ్ మిర్రర్ల మీద చెమ్మ పడుతుంది కదా, గుడ్డ పెట్టుకెళ్ళి తుడుచుకో.

ఎండాడ కుర్రాడు:
ఆంటీ చెప్పిందే కరెక్ట్, కానీ కిటికీ ఒక్కదాన్నే చూస్తూ ఉండిపోకు, క్లచ్ సగమే వదిలి (హాఫ్ క్లచ్) నెమ్మదిగా పోనిస్తూ రెండు మిర్రర్లూ చూడు, గుర్తు తప్పితే మిర్రర్‌లోనే తెలిసిపోద్ది. ఎత్తు మీద స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఒక గుర్తుంది, క్లచ్ మెల్లగా వదులుతుంటే ఇంజన్ పట్టు దొరకగానే బానెట్ కొంచెం పైకి లేస్తుంది, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు. మన విశాఖలో ఇది రోజూ పనికొస్తది.

మధురవాడ అమ్మాయి:
థాంక్యూ అందరికీ. రేపు పొద్దున్నే అన్నయ్యని తీసుకెళ్తా, బాటిళ్ళు సిద్ధం చేశా. సీటు నాకు కుదిరాక పట్టాల మీద ఎన్నో గాడిలో ఉందో లెక్కపెట్టి రాసుకుంటా.