128 కేబీపీఎస్ ఎంపీ3 పాటలను కంప్యూటర్‌లో ఇంతకంటే బాగా వినడం సాధ్యమేనా?

పాతపాటలపెట్టె అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా దగ్గరున్న తెలుగు పాటల్లో ఎక్కువ భాగం ఒకప్పుడు బజారులో అమ్మిన ఎంపీ3 సీడీల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవి. ఒక్కో సీడీలో వందకు పైగా పాటలుండేవి, దాదాపు అన్నీ 128 కేబీపీఎస్‌వే, అంటే పాటను సెకనుకు 128 కిలోబిట్లలోకి కుదించి దాచినవి. చిన్న స్పీకర్లతో విన్నంత కాలం ఏ లోపమూ తెలియలేదు గానీ, ఈ మధ్య మంచి హెడ్‌ఫోన్లు కొన్న తరువాత 1990ల నాటి స్టీరియో పాటల్లో తాళాల చప్పుడు తేటగా కాకుండా సుడి తిరుగుతున్నట్టు, ‘స’, ‘ష’ అక్షరాలు పలికినచోట గరగరలాడుతున్నట్టు వినిపిస్తోంది. చిత్రమేమిటంటే, అదే బిట్‌రేటులో ఉన్న 1950ల నాటి పాటలు అంతకంటే నయంగా ఉన్నాయి. ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే గట్టిగా వచ్చే చోట్ల శబ్దం పగులుతోంది.

ఈ ఫైళ్లను 320 కేబీపీఎస్‌కు గానీ, ఏమీ పోగొట్టకుండా దాచే ఫ్లాక్ ఫార్మాటుకు గానీ మార్చుకుంటే ప్రయోజనం ఉంటుందా? నాణ్యత పెంచుతామని చెప్పే ఎన్‌హాన్సర్ ప్రోగ్రాములను నమ్మవచ్చా? కంప్యూటర్‌లోని అంకెలను హెడ్‌ఫోన్లకు శబ్దంగా మార్చి ఇచ్చే విడి పరికరం, యూఎస్‌బీ డాక్, కొనడం అవసరమా? విండోస్ డెస్క్‌టాప్‌లో ఫూబార్2000 అనే ప్లేయరు వాడుతున్నాను.

శ్రుతిలయ జవాబు:

మార్చడం వల్ల ఫైలు పెరుగుతుంది తప్ప పాట పెరగదు. చెరకు పిప్పిని పెద్ద గంపలోకి మార్చినంత మాత్రాన అందులోకి రసం తిరిగి రాదు కదా. సీడీలోని శబ్దం సెకనుకు 1411 కిలోబిట్లు. 128 కేబీపీఎస్ అంటే అందులో దాదాపు పదకొండో వంతు. ఒక గట్టి శబ్దం వినిపిస్తున్నప్పుడు దానికి దగ్గరి పౌనఃపున్యంలో ఉన్న మెల్లని శబ్దాన్ని చెవి పట్టించుకోదన్న సంగతిని ఆధారం చేసుకుని ఎంపీ3 ఎన్‌కోడరు ఆ వివరాలను పారేస్తుంది లేదా మోటుగా దాచిపెడుతుంది, అలా పోయినవి ఏ ఫార్మాటులోకి మార్చినా తిరిగి రావు. పైగా ఎంపీ3ని మళ్లీ ఎంపీ3గా మార్చితే రెండోసారి కోత పడుతుంది కాబట్టి 320కి మార్చిన ఫైలు అసలు దానికంటే కాస్త తక్కువ నాణ్యతతోనే ఉంటుంది. ఫ్లాక్‌కు మార్చితే కొత్త నష్టమేమీ జరగదు గానీ డిస్కులో చోటు దండుగ.

మీరు చెప్పిన సుడి, గరగర రెండూ ఈ కుదింపు గుర్తులే. ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ల ఫ్రేములుగా, అంటే సీడీ రేటులో సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. మృదంగం మీద దెబ్బ ముక్క చివర్లో పడిందనుకోండి, కుదింపు వల్ల పుట్టిన రొద ఆ దెబ్బకంటే ముందే పాకి, దెబ్బ పదును తగ్గిపోతుంది. ఎన్‌కోడరు ఇలాంటి చోట్ల చిన్న ముక్కలు వాడుతుంది గానీ 128లో దానికి తగినన్ని బిట్లు మిగలవు.

మోనోమనిషి జవాబు:

పాత పాటలు నయంగా ఉండడానికి కారణం ఉంది. అవి మోనోలో, అంటే ఒకే చానల్లో, రికార్డయినవి. జాయింట్ స్టీరియో పద్ధతిలో ఎన్‌కోడరు ఎడమ, కుడి చానళ్ల మొత్తాన్ని ఒకటిగా, వాటి తేడాను మరొకటిగా దాస్తుంది. రెండు చానళ్లూ ఒకటే అయినప్పుడు తేడా సున్నా కాబట్టి ఉన్న బిట్లు దాదాపు అన్నీ పాటకే దక్కుతాయి. స్టీరియో పాటలో అవే 128 కిలోబిట్లను వయొలిన్ల బృందం, కోరస్, తాళాలు అన్నీ పంచుకోవాలి.

అయితే గ్రామఫోన్ రికార్డు నుంచి స్టీరియో పరికరంతో ఎక్కించిన మోనో పాటల్లో గీతల చప్పుడు రెండు చానళ్లలోనూ వేర్వేరుగా ఉంటుంది. అలాంటి వాటికి ఫూబార్‌లో రెండు చానళ్లను కలిపి మోనోగా వినిపించే డీఎస్‌పీని (వినేటప్పుడే శబ్దాన్ని మార్చే అమరికను) పెట్టి చూడండి. గొంతు రెండింటిలోనూ ఒకటే కాబట్టి నిలుస్తుంది, రొద కొంత అణగుతుంది. ఇది ఖర్చు లేని పనే.

ఎన్‌హాన్సర్ల విషయానికొస్తే, అవి చేసేది పై పౌనఃపున్యాల్లో కృత్రిమంగా కొంత శబ్దాన్ని పుట్టించి కలపడమే. మొదటి అయిదు నిమిషాలు మెరుపుగా ఉంటుంది, అరగంట తరువాత చెవి అలసిపోతుంది.

వెనకజాక్ జవాబు:

ఫైలులో పోయింది రాదు సరే, కంప్యూటర్ అదనంగా పాడు చేస్తున్నది మాత్రం ఆపవచ్చు. మీ పగులు ఫైలుది కాదు, స్థాయిది. ఈక్వలైజర్‌లో 6 డెసిబెళ్లు పెంచడమంటే ఆ భాగంలో తరంగం ఎత్తు దాదాపు రెట్టింపు కావడం. గరిష్ఠ హద్దును ఆనుకుని రికార్డు చేసిన పాటలో దానికి చోటెక్కడిది? బేస్ ఎంత పెంచారో ప్రీయాంప్‌ను (మొత్తం ధ్వని స్థాయిని మార్చే మీటను) కనీసం అంత తగ్గించి, కొరత పడిన ధ్వనిని యాంప్లిఫయర్ దగ్గర పెంచుకోండి. ఈక్వలైజర్ లేకపోయినా, కుదించిన పాట విప్పేటప్పుడు శిఖరాలు హద్దు దాటడం మామూలే. అందుకే ఫూబార్‌లో పాటల ధ్వని స్థాయిని కొలిచే రీప్లేగెయిన్ స్కాన్ చేయించి, శిఖరాన్ని బట్టి క్లిప్పింగ్‌ను (హద్దు దాటిన భాగం తెగి పగలడాన్ని) నివారించే ఎంపికను పెట్టుకోవాలి. పాటకూ పాటకూ మధ్య హెచ్చుతగ్గులు కూడా దాంతోనే సర్దుకుంటాయి.

తరువాత విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌మెంట్లు (శబ్దాన్ని మార్చే అదనపు హంగులు) అన్నీ ఆపేయండి. హెడ్‌ఫోన్లను క్యాబినెట్ ముందున్న జాక్‌కు పెట్టి ఉంటే తీసి, వెనక ఆకుపచ్చ జాక్‌కు పెట్టి వినండి. ముందు జాక్ తీగ లోపల ఇతర భాగాల పక్కగా వస్తుంది కాబట్టి కొన్ని కంప్యూటర్లలో మౌసు కదిపినప్పుడల్లా సన్నటి కీచు శబ్దం వినిపిస్తుంది. వెనక కూడా ఆ కీచు శబ్దం ఉంటేనే యూఎస్‌బీ డాక్ కొనండి. అది లేకపోతే ఆ డబ్బు అట్టే పెట్టుకోవచ్చు, తాళాల సుడిని డాక్ తగ్గించలేదు. హెడ్‌ఫోన్లు బ్లూటూత్‌వి అయితే పాట గాలిలో మరోసారి కుదింపుకు లోనవుతుంది, తీగతో వినడం మేలు.

పాతపాటలపెట్టె:

ముగ్గురికీ ధన్యవాదాలు. ప్రీయాంప్ తగ్గించగానే పగులు పోయింది. ఎన్‌హాన్స్‌మెంట్లలో బేస్ బూస్ట్ పెట్టి ఉందని ఇప్పుడే చూశాను, అంటే బేస్ రెండుచోట్ల పెరుగుతోంది. ఇక స్టీరియో పాటలకు మంచి ప్రతులు సంపాదించాలనుకుంటున్నాను. నెట్‌లో 320 అని పేరు పెట్టిన ఫైళ్లు నిజంగా 320వేనని తెలిసేదెలా?

శ్రుతిలయ జవాబు:

స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాములో ఫైలును తెరిస్తే పౌనఃపున్యాల పటం వస్తుంది. 128లో చాలా ఎన్‌కోడర్లు సుమారు 16 కిలోహెర్ట్జ్‌ల దగ్గర కోసేస్తాయి. 320 అని చెప్పుకునే స్టీరియో పాటలో రంగు సరిగ్గా అక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోతే, అది 128ని ఉబ్బించిన ఫైలేనని అనుమానించాలి. ఈ పరీక్ష 1950ల పాటలకు పనికిరాదు, వాటిలో పై పౌనఃపున్యాలు అసలు రికార్డింగులోనే తక్కువ. యూట్యూబ్ నుంచి 320గా దించి ఇస్తామనే సైట్ల జోలికి వెళ్లకండి, అక్కడ ఉన్నదే కుదించిన శబ్దం.

అసలైన ఆడియో సీడీ దొరికితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాముతో ఫ్లాక్‌లోకి తీసుకోండి. దాని నుంచి చేసిన ఎంపీ3కీ ఫ్లాక్‌కూ తేడా మీ చెవికి తెలుస్తోందా లేదా అన్నది ఫూబార్‌లోని ఏబీఎక్స్ పోలికతో (వినిపిస్తున్నది రెండింటిలో ఏదో పేరు చూడకుండా గుర్తించే పరీక్షతో) తేల్చుకోవచ్చు. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెబితే అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం నాలుగు శాతంలోపే. 128 మీద చాలామంది నెగ్గుతారు, 320 మీద నెగ్గడం కష్టం.

మోనోమనిషి జవాబు:

ఒక్క మాట కలుపుతాను. మరెక్కడా దొరకని పాటల ఫైళ్లను శుభ్రం చేసి అదే పేరుతో దాచవద్దు. మోనో, ఈక్వలైజర్, స్థాయి అన్నీ వినేటప్పుడు ప్లేయరులోనే జరిగేలా ఉంచి, ఫైలును వచ్చింది వచ్చినట్టే భద్రపరచండి. మొదట్లోనో చివరలోనో ప్రకటన ముక్క కోయాల్సి వస్తే ఎంపీ3డైరెక్ట్‌కట్ వంటి దానితో కోయండి, అది పాటను విప్పి మళ్లీ కుదించకుండా ఫ్రేముల దగ్గరే తెంపుతుంది.