బెలూన్‌లోంచి తీసిన తొలి ఫొటోల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఆకాశంలోంచి తీసిన తొలి ఫొటోల గురించి చెబుతున్నాను. ఒక దగ్గర ఆగిపోయాను.

1858లో పారిస్ దగ్గర నడార్ అనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ బెలూన్ ఎక్కి ఫొటోలు తీశాడు. తడి కొలోడియన్ పద్ధతి కదా, గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరేలోపే ఫొటో తీసి కడగాలి. అందుకని బుట్టలోనే చీకటి గుడారం! మొదట్లో ఎన్నిసార్లు తీసినా పలకలు నల్లబడిపోయేవి. బెలూన్ మూతిలోంచి వచ్చే గ్యాసే కారణమని తర్వాత తేలింది. ఆ ఫొటోలేవీ ఇప్పుడు లేవు, తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

1860 అక్టోబర్ 13న జేమ్స్ వాలెస్ బ్లాక్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ బెలూన్‌లో బోస్టన్ మీద సుమారు 1200 అడుగుల ఎత్తునుంచి తీసినది మాత్రం మిగిలింది. అందులో చర్చి శిఖరం, వంకర తిరిగిన వీధి, అగ్గిపెట్టెల్లా ఇళ్లు ఎంత స్పష్టంగా ఉన్నాయో!

నా సందేహం: ఈ బ్లాక్ వాడిన పలకలు గ్యాస్‌కి ఎందుకు పాడవలేదు? ఊగే బుట్టలో ఫొటో అలికినట్టు కాకుండా ఎలా వచ్చింది? పాత కెమెరాలు వాడినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. సోమవారమే క్లాసు, టెన్షన్‌గా ఉంది.